నాలుగు వేలు, ఇద్దరు కూతుళ్లు: టీకా ముందు ఎవరికి?

బోరబండ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరమే రాశారు, పేరు బయటపెట్టొద్దన్నారు. అమీర్‌పేటలో బట్టల షాపులో పనిచేస్తారు, భర్త ఆటో నడుపుతారు, అత్తగారు కూడా వీళ్లతోనే ఉంటారు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి వచ్చే సంక్రాంతికి 15 నిండుతాయి, చిన్నమ్మాయికి 11. లాక్‌డౌన్ సమయంలో ఫీజు కట్టలేక పెద్దమ్మాయిని ప్రైవేటు స్కూలు మాన్పించి గవర్నమెంటు స్కూల్లో వేశారు. తర్వాత కాస్త కుదుటపడ్డాక చిన్నమ్మాయిని మాత్రం దగ్గర్లోని ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చేర్చారు.

ఆ స్కూలు వాళ్లు గత నెల సర్క్యులర్ పంపారు. హెచ్‌పీవీ (శారీరక సంబంధంతో సోకి, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి దారితీసే వైరస్) రాకుండా వేసే టీకా క్యాంపు, డోసుకి రెండు వేలు, ఆరు నెలలకి రెండో డోసు. కట్టినవాళ్ల పేర్లు ఒక పక్క, కట్టనివాళ్ల పేర్లు ఒక పక్క రాసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారట. పెద్దమ్మాయి స్కూల్లో ఈ టీకా ఊసే లేదు. ఈవిడ దగ్గర చీటీ డబ్బుల్లో మిగిలింది నాలుగు వేలు. "మా పిన్ని గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది మేడం. రెండేళ్లు తెల్లబట్టకి ఆర్‌ఎంపీ దగ్గర మందులు వాడి, చివరికి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చూపిస్తే మూడో స్టేజీ అన్నారు. అందుకే నాకు భయం. కానీ ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోతుంది. ఎవరికి వేయించాలి?" ఇది ఆవిడ ప్రశ్న.

దీనికి తోడు ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడుతున్నారు. అత్తగారిది భద్రాచలం వైపు, "ఈ సూదితోనే మా దగ్గర ఆడపిల్లలు చచ్చిపోయారు, వద్దు" అంటారు. భర్త "పెళ్లి కాని పిల్లలకి అలాంటి టీకా ఏంటి" అంటారు. కొండాపూర్‌లో ఉండే ఆడపడుచు తన కూతురికి పెద్ద హాస్పిటల్లో ఇరవై వేలు పైన పెట్టి వేయించి, "ఆ చవక టీకా ఎందుకు, నేనే డబ్బిస్తాలే" అని పదిమందిలో అన్నారట. ఇవన్నీ వింటున్న పెద్దమ్మాయి, "చెల్లికి వేయించమ్మా, నాకెలాగూ ఇంజక్షన్ అంటే భయం" అంది.

జవాబు:

మీ పెద్దమ్మాయి మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు డబ్బు లెక్క చూద్దాం, మీ టెన్షన్‌లో సగం అక్కడే ఉంది.

నాలుగు వేలంటే ఒక్క పిల్లకే అని మీరు అనుకుంటున్నారు. రెండు డోసుల మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి కాబట్టి ఇవాళ ఒక పిల్లకి కావాల్సింది రెండు వేలే, మిగతా రెండు వేలు ఆరు నెలల తర్వాతి మాట. ఆరు నెలలు దాటి ఏడాదైనా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. స్కూలు వాళ్లు చెప్పిన ధర చూస్తే అది పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ అయి ఉండాలి, 2023 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు మనకి విదేశీ కంపెనీల టీకాలే గతి. గార్డసిల్ డోసు నాలుగు వేల దగ్గర ఉంటుంది, మీ ఆడపడుచు వాళ్లమ్మాయికి వేయించింది గార్డసిల్ 9 అయి ఉంటుంది, అది డోసుకి పది వేలు దాటుతుంది.

ఇక వయసు. 15 నిండకముందు మొదటి డోసు పడితే రెండు డోసులు చాలు, 15 నిండాక మొదలుపెడితే మన దగ్గరి లైసెన్సు ప్రకారం మూడు. అంటే సంక్రాంతి దాటిందంటే మీ పెద్దమ్మాయికి నాలుగు వేలతో అయ్యేది ఆరు వేలవుతుంది. (రెండో డోసు నాటికి 15 దాటినా ఫర్వాలేదు, మొదటి డోసు నాటి వయసే లెక్క.) చిన్న వయసులో శరీరం టీకాకి బాగా స్పందిస్తుంది కాబట్టి పెట్టిన నియమమే ఇది, తప్పు పట్టడానికి లేదు, కానీ డబ్బు లేక వాయిదా వేసుకున్నవాళ్ల మీదే ఖర్చు ఇంకా పెరిగి పడుతోందని మాత్రం చెప్పకుండా ఉండలేను.

కాబట్టి ఏ కూతురు ముఖ్యం అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఎవరికి గడువు దగ్గర పడింది అని చూస్తే జవాబు తేలికే, పెద్దమ్మాయికి. చిన్నమ్మాయికి ఇంకా మూడేళ్ల పైనే సమయం ఉంది.

అయితే డబ్బు తీసేముందు ఒక పని చేయండి. మీ బస్తీకి వచ్చే ఆశా కార్యకర్తని గానీ, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంని గానీ పట్టుకుని సూటిగా అడగండి: హెచ్‌పీవీ టీకా ఉచితంగా ఏ వయసు పిల్లలకి ఇస్తున్నారు, ఎక్కడ, ఏ తేదీల్లో. సాధారణంగా బుధ, శనివారాలు టీకాల రోజులు, ఆ రోజు వెళ్తే అడిగినదానికి జవాబు చెప్పే మనిషి ఉంటుంది. ప్రభుత్వాలు ఈ టీకాని ఒక్కోసారి 9 నుంచి 14 అంటాయి, ఒక్కోసారి ఏదో ఒక్క వయసు వాళ్లకే అంటాయి. మీ పెద్దమ్మాయి ఇప్పుడు 14లో ఉంది, అర్హత ఉందంటే ఆ అమ్మాయికి అక్కడే వేయించి మీ నాలుగు వేలు చిన్నమ్మాయికి వాడుకోవచ్చు. లేదంటే పెద్దమ్మాయికి సొంత డబ్బుతో మొదలుపెట్టి, చిన్నమ్మాయికి ఉచిత టీకా కోసం ఆగొచ్చు. చిన్నమ్మాయి విషయంలో ఆగితే పోయేదేమీ లేదు. పెద్దమ్మాయి విషయంలో "ప్రభుత్వం ఇస్తుందిలే" అని ఆగితే పుట్టినరోజు దాటిపోయి ఆ వయసులోంచి బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది.

ఇద్దరికీ ఇప్పుడే చెరో డోసు వేయిస్తే? వేయించొచ్చు, నాలుగు వేలు సరిగ్గా సరిపోతాయి, ఇంట్లో ఒకరికి వేసి ఒకరిని ఆపామన్న బాధా ఉండదు. కానీ ఆరు నెలలకి మళ్లీ నాలుగు వేలు కావాలి, అది స్కూళ్లు తెరిచే జూన్‌లో వచ్చి పడిందంటే పుస్తకాలు, ఫీజుల మధ్య ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఒకవేళ రెండో డోసు ఆలస్యమైనా, అసలు కుదరకపోయినా మొదటిది వృథా అయినట్టేనా అంటే, కాదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనికీ మీ అత్తగారి భయానికీ సంబంధం ఉంది.

మీ అత్తగారు చెప్పింది ఊరికే పుట్టిన పుకారు కాదు. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు, గుజరాత్‌లో వడోదరలో కూడా వేశారు. ఖమ్మంలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన కాగితాల్లో చాలావాటి మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. రెండు జిల్లాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. గొడవై 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. విచారణ జరిపిన కమిటీ ఆ చావులకి కారణం టీకా కాదని చెప్పింది, పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగులమందు, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయి. కానీ సంతకాల విషయంలో జరిగిన అన్యాయాన్ని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. జూబ్లీహిల్స్ స్కూల్లో అయితే తల్లిదండ్రులని అడగకుండా ఒక్క సూది గుచ్చే ధైర్యం ఎవరికైనా ఉండేదా? కాబట్టి అత్తయ్యగారితో "మీకేం తెలీదు" అని వాదించకండి. "మీరు చెప్పింది నిజమే, అప్పుడు అమ్మానాన్నలని అడగలేదు, ఇప్పుడు నేను అన్నీ అడిగి, తెలుసుకుని, నా చేత్తో సంతకం పెట్టి వేయిస్తున్నా" అనండి. ఆవిడ కోపం సూది మీద కన్నా ఆ పిల్లలని అలా చూసినవాళ్ల మీదే ఎక్కువేమో, ఒకసారి కూర్చుని వినండి.

ఆ 2010 నిలుపుదలే ఇంకో దానికి దారితీసింది. అప్పటికే దేశంలో తొమ్మిది చోట్ల వేరే అధ్యయనం ఒకటి నడుస్తోంది, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. ఖమ్మం గొడవతో దాన్నీ మధ్యలో ఆపాల్సి వచ్చింది, దాంతో కొన్ని వేల మంది పిల్లలకి ఒక్క డోసే పడి ఆగిపోయింది. పరిశోధకులు వాళ్లని వదిలేయకుండా పదేళ్లు గమనిస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి: క్యాన్సర్‌కి దారితీసే 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం దాకా కాపాడింది, రెండు, మూడు డోసులకి దాదాపు సమానంగా. 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకి ఒక్క డోసు ఇచ్చినా సరే అని 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారమైన వాటిలో ఇదొకటి. ఒక్క మెలిక ఉంది, ఆ పిల్లలకి వేసింది గార్డసిల్, సెర్వావాక్‌కి మన దగ్గర ఈ వయసుకి లైసెన్సు రెండు డోసులకే. అందుకని సెర్వావాక్ అయితే రెండూ పూర్తి చేయాలనే అనుకోండి, రెండోది ఆలస్యమైందని మాత్రం రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోకండి. ఒక్క డోసుతోనే సరిపెట్టాలనుకుంటే నాలుగు వేల గార్డసిల్ గురించి డాక్టర్ని అడగొచ్చు, అప్పుడు మీ డబ్బు ఒక్కరికే వస్తుంది, కానీ ఆ ఒక్కరికి ఆరు నెలల తర్వాతి ఖర్చు ఉండదు. హెచ్‌ఐవీ లాంటి రోగనిరోధక సమస్యలు ఉన్న పిల్లలకి ఈ ఒక్క డోసు మాట వర్తించదు, వాళ్లకి ఎక్కువ డోసులు కావాలి.

"చవక టీకా" సంగతి. గార్డసిల్ 9 ఇంకో ఐదు రకాల వైరస్‌లని కూడా ఆపుతుంది, అది మంచిదే, కాదనను. కానీ ఈ క్యాన్సర్లలో నూటికి 70 దాకా 16, 18 రకాల వల్లే వస్తాయి, ఆ రెండూ సెర్వావాక్‌లో ఉన్నాయి. ఇరవై వేలది కొనలేకపోయామని రెండు వేలదీ వేయించకుండా ఉండిపోవడమే అసలు నష్టం.

మీవారి మాటకి వస్తే, ఆయన ఒక్కరే కాదు, చాలామంది నాన్నలు అదే అంటారు, ఆ ఇబ్బంది అర్థమవుతుంది కూడా. ఆయన్ని ఒకటి అడగండి. పిల్లలు పుట్టిన రోజే హాస్పిటల్లో హెపటైటిస్ బి టీకా వేస్తారు కదా, ఆ జబ్బు కూడా శారీరక సంబంధంతో సోకేదే, అప్పుడు ఎవరైనా "పసిపిల్లకి ఇదేంటి" అన్నారా? ఈ టీకా వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తిగా పనిచేస్తుంది, సోకాక దాన్ని తగ్గించదు, అందుకే చిన్న వయసు. పిల్ల ఎంత పద్ధతిగా పెరిగినా రేపు కట్టుకోబోయేవాడి ఒంట్లో ఏ వైరస్ ఉందో చూసి పెళ్లి చేయలేం. ఈ మాట మీరంటే గొడవవుతుందనుకుంటే ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మతో చెప్పించండి, కొందరు మగవాళ్లు అదే మాట కోటు వేసుకున్నవాళ్లు చెబితే వింటారు. పిల్లలు పుట్టరేమో అన్న అనుమానం కూడా ఎవరో ఒకరు లేవనెత్తుతారు, 2006 నుంచి ప్రపంచమంతా కోట్ల డోసులు వేశారు, అలాంటిదేమీ కనబడలేదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, కొంతమంది పిల్లలకి సూది చూసి కళ్లు తిరగడం, మామూలుగా ఇంతే.

ఆడపడుచు డబ్బు తీసుకోవాలా? తీసుకుంటే ఇద్దరికీ ఇబ్బంది లేకుండా అయిపోతుంది, కానీ ప్రతి ఫంక్షన్‌లో ఆ మాట వినాల్సి రావొచ్చు, మీ ఉత్తరం చదివితే మీకు డబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుందని తెలుస్తోంది. వద్దంటే మీ గౌరవం మీకుంటుంది, కానీ ఆ గౌరవానికి అయ్యే ఖర్చు పిల్లల మీద పడకుండా చూసుకోవాలి. మధ్యలో ఇంకో దారి, చేబదులుగా అడగడం. "వదినా, జూన్‌లో రెండో డోసుల టైముకి నాలుగు వేలు సర్దండి, దసరాకి ఇచ్చేస్తా" అని పదిమందిలో కాకుండా ఫోన్ చేసి అడిగితే, మనుషులు చాలావరకు మర్యాదగానే ఉంటారు. ఆవిడ గార్డసిల్ 9 అయితేనే ఇస్తానంటే మాత్రం సున్నితంగా వద్దనండి.

నా దృష్టిలో అసలు అన్యాయం మీ ఇంట్లో లేదు. రెండు స్కూళ్ల మధ్య ఉంది. ఫీజు కట్టే పిల్లకి టీకా సంగతి కనీసం తెలిసింది, కట్టలేని పిల్లకి తెలియను కూడా లేదు. ఇది పేద దేశం కాబట్టి అనుకుంటే పొరపాటు, రువాండా మనకన్నా పేద దేశం, 2011లో స్కూళ్లలోనే మొదలుపెట్టి 90 శాతం పైగా ఆడపిల్లలకి వేసింది. ఎవరు అడుగుతారా అని చూడకుండా అందరికీ ఒకేసారి వేస్తే తేడా తగ్గుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఏమిటంటే, టీకా పడని పిల్లే రేపు పెద్దయ్యాక పరీక్షా చేయించుకోదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నామన్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. మీ ఆడపడుచు కూతురికి టీకా పొరపాటున పనిచేయకపోయినా నలభై ఏళ్లకి మాస్టర్ చెకప్‌లో జబ్బు ముందే దొరికే అవకాశం ఉంది, మీ పిన్నికి ఆ రెండో అవకాశం లేకపోయింది. జబ్బు వచ్చాక ఆరోగ్యశ్రీ కింద పది లక్షల దాకా వైద్యం ఉంది, రాకుండా ఆపడానికి ప్రైవేటులో వేయించుకునే రెండు వేల టీకాకి మాత్రం మన సొమ్మే. దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారంటే అందులో ఎక్కువ మంది మీ పిన్ని లాంటివాళ్లే.

మీరొక్కరే ఏదో మార్చేయాలని అనను, షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే మనిషికి ఇంకో బరువు పెట్టడం నాకిష్టం లేదు. వీలైతే పెద్దమ్మాయి స్కూలు హెచ్ఎంని ఒక్కసారి అడగండి. గవర్నమెంటు స్కూళ్లకి పిల్లల ఆరోగ్య పరీక్షలకి ఆర్‌బీఎస్‌కే బృందాలు వస్తుంటాయి, ఈ టీకా గురించి వాళ్లని కనుక్కోమనొచ్చు. రోటరీ లాంటి క్లబ్బులు ఈ టీకాకి ఉచిత క్యాంపులు పెడుతుంటాయి, హెచ్ఎం ఒక లెటర్ రాస్తే వచ్చే అవకాశం ఉంది. ఆ క్లాసులో మీ అమ్మాయి లాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో. చిన్నమ్మాయి స్కూల్లో ఆ లిస్టు పెట్టడం మాత్రం తప్పు. గ్రూపులో రాస్తే గొడవ, ఊరుకుంటే వచ్చే క్యాంపుకీ ఇదే చేస్తారు, క్లాస్ టీచర్‌కి విడిగా ఒక మెసేజ్ పెట్టడం నయం: పేర్లు తీసేయండి, పిల్లలు చూస్తున్నారు అని. అంతకుమించి రాయక్కర్లేదు.

ఇక పెద్దమ్మాయి. స్కూలు మారినప్పుడూ ఆ పిల్లే సర్దుకుంది, ఇప్పుడూ తనే పక్కకి జరుగుతోంది. ఇంజక్షన్ భయం నిజమే కావొచ్చు, కానీ మీ దగ్గర డబ్బు లేదని తెలిసి మీకు కష్టం కలగకుండా అన్న మాటేమో కూడా చూడండి. మంచిపిల్ల అని మురిసిపోయి ఆ మాట పట్టుకోకండి, ఇలాగే అన్నిటికీ "నాకొద్దులే" అనడం అలవాటవుతుంది. టీకా ఎందుకో, మీ పిన్నికి ఏమైందో తనకే వివరంగా చెప్పండి, 14 ఏళ్ల పిల్లకి అర్థమవుతుంది. "నీకు సంక్రాంతి లోపు పడాలి, చెల్లికి టైముంది, అందుకే నువ్వు ముందు" అనండి. తనకి ముందు వేస్తున్నది జాలితో కాదని, లెక్క ప్రకారమే అని తెలిస్తే తీసుకోవడం తేలికవుతుంది.

వేయించే రోజు ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. ఏ టీకానో పేరు అడిగి చూడండి, ఫ్రిజ్‌లోంచే తీస్తున్నారా గమనించండి, వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి, కార్డు మీద టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు రాయించుకుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నెలసరిలో ఉన్నా వేయించొచ్చు. ఇంతకుముందు ఏ ఇంజక్షన్‌కైనా తీవ్రంగా అలర్జీ వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

మీ వయసు మీరు రాయలేదు. పెద్దమ్మాయికి 15 వస్తున్నాయంటే మీరు ముప్పై దాటే ఉంటారు, ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్కా లేదు. మీకు ఇప్పుడు కావాల్సింది టీకా కాదు, పరీక్ష. ప్రభుత్వ కార్యక్రమంలో 30 దాటిన ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలని ఉంది, కొద్ది నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. పిల్లల టీకా గురించి అడగడానికి వెళ్లినప్పుడే అదీ అడగండి, ఎక్కడ చేస్తారో, ఏ రోజు రావాలో. మీ షాపు సెలవు ఏ రోజో చెప్పి, ఆ రోజు కుదురుతుందా అని కూడా.